చెరలో ఉన్నవాడి పేరు

(తార్నాక, ఉస్మానియా క్యాంపస్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు నా వెనకాల బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం సార్ అనే అంటాను. ఇన్నేళ్లూ అలాగే పిలిచాను. ఇవాళ కొత్తగా బిరుదులు తగిలిస్తే నా నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది. వారాసిగూడలో రెండు గదుల ఇల్లు, గదుల నిండా పేపర్ కటింగులు. పొద్దున్నే జామై ఉస్మానియా స్టేషన్ పట్టాలు దాటి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొచ్చేవారు. సాయంత్రం అదే దారిలో తిరిగి వెళ్తూ, ఇంటికి ముందున్న ఇరానీ హోటల్లో ఆగేవారు. ఆయన అసలు క్లాసు అక్కడ జరిగేది. క్యాంపస్‌లో చెప్పింది సిలబస్.

1999 మే నెలాఖరులో ఒక సాయంత్రం ఆ హోటల్లో నేనూ ఉన్నాను. కార్గిల్ కొండల మీద మన విమానం కూలింది, పైలట్ పాకిస్తాన్ సైనికుల చేతికి చిక్కాడు. మూలనున్న టీవీ కింద పదిహేను మంది దాకా చేరారు. ఒకాయన లాహోర్ మీద బాంబులెయ్యాలన్నాడు. ఇంకొకాయనకు లాహోర్ సరిపోలేదు, కరాచీ కూడా కలిపాడు. సార్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అడిగారు: “ఆ పిలగాని పేరేందిర?”

ఎవరికీ తెలియదు. బల్ల మీద పడున్న పేపర్ వెతికి ఒక కుర్రాడు చదివాడు. ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత. 26 ఏళ్లు.

ఇంటిపేరు వినగానే హోటల్లో గొంతులు తగ్గాయి. “మనోడే గద” అన్నారెవరో. ఆ తర్వాత మాట మారింది. అప్పటిదాకా ‘ఎట్ల కొట్టాలె’ అన్నవాళ్లు ‘ఎట్ల తేవాలె’ అని మొదలుపెట్టారు. ఇద్దరు మాత్రం బాంబుల దగ్గరే ఉండిపోయారు, అది వేరే సంగతి.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే. మన సైనికుడు పరాయి దేశం చేతిలో చిక్కినప్పుడు ఎట్లా కొట్టాలి అన్నది ఒక ప్రశ్న, ఎట్లా తేవాలి అన్నది ఇంకొకటి. ఒకదానికి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశామనుకుంటాం.

నచికేత ఎలా వచ్చాడో చూద్దాం. మే 27న బటాలిక్ ప్రాంతంలో రాకెట్లు ప్రయోగించాక అతని మిగ్-27 ఇంజన్ ఆగిపోయింది. పారాచూట్‌తో దిగాడు. అతన్ని వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నచికేతని పట్టుకున్న సైనికులు కొట్టారు. ఒక పై అధికారి వచ్చి ఆపాడు. వారం తిరిగేసరికి పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్, సద్భావనతో వదిలేస్తున్నామని ప్రకటించాడు.

సార్‌కి ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతది. అప్పుడు ఇస్లామాబాద్‌లో మన హైకమిషనర్ జి. పార్థసారథి. పైలట్‌ని అప్పగిస్తాం, జిన్నా హాలుకి రండి అని కబురొచ్చింది. అక్కడ విలేకరులు ఉంటారా అని ఆయన అడిగారు. ఉంటారన్నారు. అయితే రానన్నారు. యుద్ధంలో చిక్కినవాణ్ని జనం ముందు వింతగా చూపించకూడదని 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెబుతుంది. మనవాణ్ని కెమెరాల ముందు నిలబెట్టి దానం చేస్తున్నట్టు ఇస్తే పుచ్చుకోం అని ఆయన భావం. చివరికి జూన్ 3న రెడ్ క్రాస్ ద్వారా నచికేత మన దౌత్య కార్యాలయానికి చేరాడు, అక్కణ్ణుంచి వాఘా మీదుగా ఇంటికి.

కొండల మీద ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి, యుద్ధం ఇంకా జూలై దాకా సాగింది. అయినా ఇస్లామాబాద్‌లో ఒక మనిషి ఫోన్ పట్టుకుని, హాలులో కెమెరాలుంటాయా అని అడుగుతున్నాడు. యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా రాయబారి కార్యాలయం తలుపు మూయకపోవడం వల్ల ఒరిగేది ఇదీ.

పేర్లను బట్టి కథలల్లే అలవాటు నాకు లేదు. కానీ నచికేతుడు అనగానే మన పెద్దవాళ్లకు కఠోపనిషత్తు గుర్తుకొస్తుంది. యముడి గుమ్మం దగ్గర మూడు రాత్రులు కూచున్న పిల్లవాడు. మాట్లాడి, ప్రశ్నలడిగి తిరిగొచ్చాడు. అతను అడిగిన మొదటి వరం చాలామంది మర్చిపోతారు. ఇంటికి వెళ్తే నాన్న కోపం లేకుండా నన్ను గుర్తుపట్టి పలకరించాలి అని. బ్రహ్మజ్ఞానం మూడో వరం. చెరలో ఉన్నవాడికి మొదటి భయం ఏమిటో ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు సూర్యాపేటకు వస్తాను.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణ మీకు తెలుసు. 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారి, సూర్యాపేటవాడైన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, ఆయనతోపాటు మరో 19 మంది పోయారు. సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. వయసు 37. చైనా అధికారులతో ఎదురెదురుగా నిలబడి మాట్లాడటం ఆయన ఉద్యోగంలో భాగం. ఆ సాయంత్రం కూడా వెనక్కి వెళ్తామన్నవాళ్లు వెళ్లారా లేదా చూడ్డానికే వెళ్లాడు. ఆయన భౌతికకాయం 17న హకీంపేటకు వచ్చింది. 18 పొద్దున సూర్యాపేట దగ్గర కేసారంలో అంత్యక్రియలు.

అదే 18 సాయంత్రం చైనా సైన్యం చేతిలో ఉన్న పదిమంది భారత సైనికులు తిరిగొచ్చారు. వాళ్లలో నలుగురు అధికారులు. మేజర్ జనరల్ స్థాయిలో మూడు రోజులు వరసగా కూచుని మాట్లాడాక వదిలారు. ఇక్కడ కేసారంలో చితి ఆరకముందే అక్కడ కొండల్లో పదిమంది తమ కాళ్ల మీద నడిచొచ్చారు.

ఆ మూడు రోజులు మన వీధుల్లో ఏం జరిగిందో నాకు గుర్తుంది. తార్నాక చౌరస్తాలో చైనా ఫోన్ నేలకేసి కొట్టిన కుర్రాణ్ని చూశాను. కోపం తప్పంటానా? ఇరవై మంది పోయారు, కోపం రాకపోతే మనం మనుషులం కాదు. కానీ ఆ కోపం రోడ్డెక్కిన గంటల్లోనే లదాఖ్‌లో ఒక అధికారి, నిన్న తన మనుషుల్ని చంపినవాళ్లకు ఎదురుగా కూచుని, ఆ పదిమంది గురించి మాట్లాడుతున్నాడు. ఆ కుర్చీలో కూచోవడానికి ఎంత గుండె కావాలి! దాన్ని మెతకతనం అనేవాళ్లు ఒకసారి ఆ కుర్చీలో కూచుని చూడాలి.

ఇక్కడే సార్‌తో నాకు చిన్న పేచీ ఉంది. పేరు చెప్పండి, పేరు చెప్పండి అనేవారు ఆయన. గల్వాన్‌లో ప్రభుత్వం ఏ పేరూ చెప్పలేదు. మన సైనికులెవరూ గల్లంతు కాలేదని 18న విదేశాంగ శాఖ ఒక్క మాట అని ఊరుకుంది. ఆ పదిమంది సంగతి పత్రికల ద్వారా తెలిసిందే తప్ప ప్రకటనలో రాలేదు. అది తప్పా? ఆ మూడు రోజులూ తప్పు కాదనే అనుకుంటాను. టీవీల్లో పదిమంది ఫొటోలు తిరిగి ఉంటే ఎదుటివాడి చేతిలో సరుకు ధర పెరిగేది. పేరు చెప్పాల్సింది పట్టుకున్నవాడితో, బల్లకు అటువైపు. ‘మీ దగ్గర మావాళ్లు ఇంతమంది, వీళ్లు వీళ్లు’ అని లెక్క తేల్చాలి. వీధికి ఆలస్యంగా చెప్పినా పరవాలేదు. అయితే ఆలస్యానికి హద్దుండాలి. మనుషులు ఇంటికి చేరాక కూడా నోరు విప్పకపోతే దాన్ని దౌత్యం అనలేం, అది అలవాటు.

ఎదుటివాడికి వెనక్కి తగ్గే దారి వదలడం గురించి సార్ క్లాసులో ప్రతి ఏడూ ఒకే కథ చెప్పేవారు. ప్యూబ్లో అనే అమెరికా గూఢచారి నౌక కథ. 1968 జనవరి 23న ఉత్తర కొరియా దాన్ని పట్టుకుంది. ఒక నావికుడు చనిపోయాడు, 82 మంది బందీలయ్యారు. అమెరికా దగ్గర విమానవాహక నౌకలున్నాయి, అణ్వాయుధాలున్నాయి. పంపిన ఓడలు సముద్రంలో చక్కర్లు కొట్టాయి. కొడితే ఆ 82 మంది ముందు పోతారు. పదకొండు నెలలు పాన్‌ముంజోంలో మాటలు నడిచాయి. క్షమాపణ పత్రం రాసివ్వాలని కొరియా పట్టు. మా నౌక మీ జలాల్లోకి రాలేదని అమెరికా పట్టు. చివరికి డిసెంబరు 23న అమెరికా తరఫున మేజర్ జనరల్ గిల్బర్ట్ వుడ్‌వర్డ్ ఆ కాగితం మీద సంతకం చేశాడు. సంతకానికి ముందు మాత్రం బిగ్గరగా చదివి వినిపించాడు: ఇందులో రాసింది నిజం కాదు, మా మనుషుల్ని విడిపించుకోవడానికే ఈ సంతకం. రెండూ జరిగాయి. వాళ్లకు కాగితం దక్కింది, వీళ్లకు మనుషులు దక్కారు. నౌక ఇప్పటికీ ప్యాంగ్యాంగ్‌లోనే ఉంది, చూడ్డానికి పెట్టారు. ఉండనివ్వండి, ఇనుమే కదా.

సార్ ఈ కథ చెప్పి ఏటా ఒకే ప్రశ్న వేసేవారు: “పరువు ఎవలది పోయింది?” ఏటా క్లాసు రెండుగా చీలేది.

ఏడేళ్ల తర్వాత 1975 మేలో కంబోడియా దళాలు మాయాగెజ్ అనే సరుకు నౌకను పట్టుకున్నప్పుడు అదే అమెరికా ఆగలేదు. కో టాంగ్ దీవి మీదకి మెరైన్లను దింపింది. దాడి నడుస్తుండగానే, ఆ దీవిలో అసలు లేని సిబ్బందిని కంబోడియా వేరేచోట నుంచి వదిలేసింది. దాదాపు 40 మంది కోసం పోయినవాళ్లు, దారిలో హెలికాప్టర్ కూలి పోయినవాళ్లతో కలిపి, 41 మంది. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లోని బందీలను విడిపించడానికి వెళ్లి ఇరాన్ ఎడారిలో ఎనిమిది మంది అమెరికా సైనికులు పోయారు. బందీల్లో ఒక్కరూ రాలేదు. 52 మంది 444వ రోజున, అల్జీరియా మధ్యవర్తిత్వంతో వచ్చారు.

అలాగని సైన్యం ఎప్పుడూ మనుషుల్ని తేలేదంటే అబద్ధమాడినట్టే. 2000లో సియెర్రా లియోన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్న మన గూర్ఖా సైనికులు 222 మందిని కైలాహున్‌లో తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. డెబ్బై రోజులకు పైగా మాటలు నడిచాయి. మధ్యవర్తుల ద్వారా కొందరు బయటపడ్డారు, మిగతావాళ్లు పడలేదు. జూలై 15న ఆపరేషన్ ఖుక్రి మొదలైంది. బ్రిటిష్ హెలికాప్టర్లు సాయపడ్డాయి. అందరూ బయటికొచ్చారు, ఒక భారత సైనికుడు ప్రాణం అర్పించాడు. ఇది గొప్ప విజయం. కానీ ఒక సంగతి గమనించండి. కైలాహున్‌లో మనవాళ్లు ముట్టడిలో ఉన్నారు, సంకెళ్లలో లేరు. వాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి. ఎక్కడున్నారో తెలుసు. బయటి నుంచి వీళ్లు కొడితే లోపలి నుంచి వాళ్లూ కొట్టారు. ముట్టడిలో ఉన్నవాణ్ని సైన్యం తేగలదు. గదిలో తాళం వేసి, గుమ్మంలో తుపాకీతో మనిషిని నిలబెట్టిన చోట సైన్యం వెళ్తే మొదటి గుండు ఎవరికో ఆలోచించండి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడటం వల్లే మన చర్చలు చెడిపోతాయి.

మరి 2019లో పాకిస్తాన్‌కి చిక్కిన పైలట్ అభినందన్ వర్థమాన్ మూడో రోజుకే వచ్చాడు కదా, అది బలం వల్ల కాదా అని అడుగుతారు. ఫిబ్రవరి 27న చిక్కాడు, మార్చి 1 రాత్రి వాఘా దాటాడు. అప్పుడు పాకిస్తాన్‌కు మన హైకమిషనర్ అయిన అజయ్ బిసారియా తర్వాత రాసిన పుస్తకంలో క్షిపణుల ప్రస్తావన ఉంది. ఒప్పుకుంటాను, బెదిరింపు పనిచేసింది. అయితే బెదిరింపు కూడా మాటే. ఎక్కుపెట్టిన క్షిపణి పైలట్‌ని తెచ్చింది. వదిలిన క్షిపణి తెచ్చేది కాదు. సైన్యం దౌత్యం వెనకాల నిలబడితే దౌత్యం నడుము నిటారుగా ఉంటుంది. ముందుకొచ్చి నిలబడితే వెనకున్నవాడు కనపడడు.

మన భారతంలో ఇలాంటి సందర్భం ఒకటుంది. రాయబారం అనగానే అందరూ కృష్ణుడి దగ్గరికి పోతారు, ఊళ్లో నాటకాల పుణ్యమా అని. నేను ఘోషయాత్ర అంటాను. ఎర్రన పూర్తిచేసిన అరణ్యపర్వంలో ఉంది. పాండవుల్ని వెక్కిరించడానికి అడవికి వచ్చిన దుర్యోధనుణ్ని గంధర్వులు కట్టి తీసుకుపోతారు. భీముడు సంతోషిస్తాడు. ధర్మరాజు మాత్రం వెళ్లి విడిపించమంటాడు. మనలో మనకి ఎన్నున్నా పరాయివాడి చేతిలో మనవాడు ఉండకూడదు. ముందు సామంతో అడగండి, వినకపోతేనే ఆయుధం అని వరస కూడా చెబుతాడు. అడిగారు, వినలేదు, యుద్ధమైంది. కానీ విడుదల ఎలా అయింది? ఎదురుగా నిలబడ్డ చిత్రసేనుడు అర్జునుడికి పాత స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టి విల్లు దించి మాట్లాడుకున్నారు. స్నేహితుడంటూ అటువైపు ఒకడు ఉండాలి. యుద్ధం వచ్చాక వెతుక్కుంటే దొరకడు.

దోహా సంగతి ఈ దృష్టితో చూడండి. 2022 ఆగస్టులో ఖతార్‌లో ఎనిమిది మంది మాజీ భారత నౌకాదళ సిబ్బందిని పట్టుకెళ్లారు. అందులో ఒకరు మన విశాఖపట్నం మనిషి. ఆరోపణలేమిటో బహిరంగంగా చెప్పలేదు. 2023 అక్టోబరు 26న మరణశిక్ష వేశారు. ఆ రాత్రి విశాఖలో ఆ ఇంట్లో ఎలా గడిచి ఉంటుందో ఊహించడానికి నాకు ధైర్యం లేదు. యుద్ధనౌకలు పంపమన్నవాడు ఒక్కడూ లేడు. ఎందుకంటే ఎనిమిది లక్షల దాకా మనవాళ్లు ఖతార్‌లో పనిచేస్తున్నారు. మన వంటింటికీ ఎరువుల ఫ్యాక్టరీకీ గ్యాస్ అక్కణ్ణుంచి వస్తోంది. డిసెంబరు 1న దుబాయ్‌లో ప్రధాని మోదీ ఖతార్ అమీర్‌ని కలిశారు. 28న అప్పీలు కోర్టు మరణశిక్షను తగ్గించింది. 2024 ఫిబ్రవరి 12న ఎనిమిది మందినీ వదిలారని ప్రకటన వచ్చింది, ఏడుగురు దిగారు. అంతకు ఆరు రోజుల ముందు ఖతార్‌తో ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాస్ ఒప్పందం ఇరవై ఏళ్లకు పొడిగించారు. రెండింటికీ ముడిపెట్టినవాళ్లున్నారు. ముడి ఉన్నా లేకపోయినా ఇరవై ఏళ్ల బేరమున్న ఇంటికి వెళ్లి తలుపు తట్టడం తేలిక.

మన ఊళ్లోనూ ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టర్, తెలుగువాడైన వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు ఒడిశా ప్రభుత్వం గాలింపులు ఆపింది. మాట్లాడటానికి వెళ్లినవాళ్లలో ఒకరు హైదరాబాద్ ప్రొఫెసర్ జి. హరగోపాల్. ఫిబ్రవరి 16న పోయిన మనిషి 24న వచ్చాడు. అది పరాయి దేశం కాదు, సూత్రం మాత్రం అదే.

యూనిఫాం లేనివాళ్ల మాట కూడా ఒకటి చెప్పాలి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. ఆ తర్వాత మూడు నెలలకే పైలట్ అభినందన్ చిక్కాడు, మూడో రోజుకు వచ్చాడు. ఈ పడవలవాళ్లు వాఘా దాటింది 2020 జనవరిలో. ‘తండేల్’ సినిమా వచ్చాక మనకు వాళ్లు గుర్తొచ్చారు.

చివరికి సార్ నిద్ర పాడుచేసిన లెక్క దగ్గరికి వస్తాను. 1971 యుద్ధం తర్వాత మన చేతిలో దాదాపు 93,000 మంది పాకిస్తాన్ బందీలున్నారు. 1972 జూలైలో సిమ్లా, 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం, 1974 ఏప్రిల్ నాటికి అందరినీ పంపేశాం. ఇంత బలం ఏ దేశానికి ఏ బల్ల దగ్గరా దొరకదు. అయినా మన సైనికులు 54 మంది పాకిస్తాన్ జైళ్లలో ఉండిపోయారని కుటుంబాలు నమ్ముతూ వచ్చాయి. పేర్లతో జాబితా పార్లమెంటు ముందుకు వచ్చింది 1979లో, అదీ 40 పేర్లతో. బందీలంతా వెళ్లిపోయి అయిదేళ్లయ్యాక. 1983లో కొందరు బంధువులు, 2007లో 14 మంది బంధువులు అక్కడి జైళ్లు తిరిగొచ్చారు. ఎవరూ కనపడలేదు. అలాంటివాళ్లు తమ దగ్గర లేరని పాకిస్తాన్ అంటుంది.

సైన్యం గెలిచింది, దౌత్యం కూచుంది, రెండూ ఉన్నాయి. లేనిది జాబితా. ఆ 93,000 మంది మన దగ్గర ఉన్న రోజుల్లోనే, ఫలానా పేరు, ఫలానా దళం, ఫలానా చోట తప్పిపోయాడు, జవాబు చెప్పండి అని ఒక్కొక్కరి గురించీ పట్టుబట్టి ఉండాల్సింది. చనిపోయాడనుకుని రాసేసిన కాగితం బతికున్నవాణ్ని కూడా పాతిపెట్టగలదు. ఇందులో తప్పు మనది. ఈ మాట అనడానికి నేను వెనకాడను.

2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జూలై 1న తమ చెరలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు మార్చుకుంటాయి. పుల్వామా తర్వాతా బాలాకోట్ తర్వాతా ఆ మార్పిడి ఆగలేదు. సార్ ఆ వార్త ప్రతిసారీ కత్తిరించి నోటుపుస్తకంలో అంటించేవారు. లోపలి పేజీలో నాలుగు లైన్లుండేది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. కొనసాగిస్తున్నాను. 2025 జనవరి 1 నాటి లెక్కలో పాకిస్తాన్ చూపించింది భారత పౌరులు 49 మంది, మత్స్యకారులు 217 మంది.

విద్యార్థులకు ఒక్క విన్నపం. జనవరి 2న, జూలై 2న పేపర్ లోపలి పేజీలు తిరగెయ్యండి. ఆ నాలుగు లైన్లు కనపడితే కత్తిరించి పెట్టండి. ఏ ఏడైనా కనపడకపోతే మీ ఎంపీకి ఉత్తరం రాయండి.